పదిహేను రోజుల వెసులుబాటు

అది జూన్ ఇరవై ఆరు, గురువారం. ఆసుపత్రి క్యాంటీన్‌లో ఆ మధ్యాహ్నం కుచుకో పెట్టారు. గోధుమ నూకా, బఠాణీలూ, పంది వెన్నెముకా వేసి చిక్కగా కాచే ఆ చారు అక్కడ గురువారాలే దొరుకుతుంది. వడ్డించే పెద్దావిడ దోన్యా ఎల్వీరా, సిస్టమ్స్ విభాగంలో పనిచేసే ఎలియేసెర్ తిబదుయిసా గిన్నెలో ఎప్పటిలాగే మాంసం ఎక్కువున్న ఎముక చూసి వేసింది. రెండేళ్ల కిందట అతని భార్య మార్లేన్ పోయినప్పటి నుంచి అలాగే వేస్తోంది. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

ఆ రోజు మాత్రం అతను సగం గిన్నెలోనే వదిలేసి లేచాడు.

"ఏం నాయనా, ఉప్పు తగ్గిందా?"

"ఉప్పు సరిపోయింది. పైన కంప్యూటరులో ఒక పని నడుస్తోంది. చూసొస్తాను."

"కంప్యూటరు ఎముకలు తినదు గదా, ఆగుతుందిలే. కూర్చో."

అతను కూర్చోలేకపోయాడు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కబోయి, యాభై ఎనిమిదేళ్ల మోకాలు గుర్తుచేశాక ఒక్కొక్కటే ఎక్కాడు.

మూడో అంతస్తులో సిస్టమ్స్ గది. కొన్ని వారాలుగా అతను చేస్తున్నది ఒకటే పని. అంతకు ముందు ఏడాది, ఉద్యోగం మానేసిన క్యాషియరు ఒకడు ఇంటి నుంచే ఆసుపత్రి కంప్యూటర్లలోకి వచ్చి, తన స్నేహితులకి డాక్టర్ల అపాయింట్‌మెంట్లు ముందుకి జరుపుతూ దొరికిపోయాడు. మానేసినవాడి లాగిన్ మూయడం ఎవరికీ గుర్తులేదు. తనిఖీకి వచ్చినవాళ్లు గట్టిగా రాసి వెళ్లారు: మనిషికీ ఆసుపత్రికీ సంబంధం ఏ రోజు తెగితే ఆ రోజే అతని ఖాతాలన్నీ మూయాలి. అందుకోసం ఒక అనుసంధాన సాఫ్ట్‌వేరు కొన్నారు. జీతాల విభాగం రికార్డులో ఒక పేరు పక్కన ఉద్యోగం ముగిసిన తారీకు పడితే చాలు, ఇక ఎవరి చెయ్యీ పడకుండా ఆ మనిషి మెయిలు, రోగుల రికార్డులు, మందుల గది, తలుపు కార్డు అన్నీ వాటంతట అవే మూసుకుపోవాలి. నెల రోజులు అలా ఉంచి, అప్పటికీ ఎవరూ అడగకపోతే తుడిచేయాలి. ఆ నియమాలన్నీ రాసి పెట్టడం ఎలియేసెర్ వంతు.

ఆ గురువారం దాన్ని ఉత్తుత్తిగా నడిపి చూస్తున్నాడు. నిజంగా ఏదీ మూయదు, మూయాల్సి వస్తే ఎవరెవర్ని మూస్తుందో చెబుతుందంతే. అతను వచ్చేసరికి పూర్తయింది. తెర మీద పేర్లు చాలావరకు అనుకున్నవే: మానేసినవాళ్లు, చనిపోయినవాళ్లు, బదిలీ అయినవాళ్లు. ఒక్కదాని దగ్గర చెయ్యి ఆగింది. రొసాల్బా పిరసాన్, స్టెరిలైజేషన్ విభాగం. మూడేళ్ల కిందట రిటైరైంది. వీడ్కోలు సభలో కేకు కోసినప్పుడు అతను అక్కడే ఉన్నాడు. ఆ రొసాల్బా ఆ ఉదయం ఏడింటికి కంప్యూటరులోకి వచ్చింది. ముందు రోజు రాత్రీ వచ్చింది. ఆదివారం కూడా వచ్చింది.

"దొరికింది!" అంది విభాగాధిపతి యమీలే ఫోన్‌సేకా, అతని భుజం మీదుగా తొంగిచూస్తూ. ఆమె అతనికంటే ఇరవై ఏళ్లు చిన్నది. కూర్చుని మాట్లాడటం ఆమెకి పడదు. "ఇంకో క్యాషియరు కథ. సెక్యూరిటీకి చెప్పనా, దోన్ ఎలియేసెర్?"

"ముందు నన్ను వెళ్లి చూడనివ్వండి."

"చూడండి గానీ ఆలస్యం చెయ్యకండి. సోమవారం రాత్రి నుంచి ఇది నిజంగా నడవాలి."

స్టెరిలైజేషన్ నేలమాళిగలో ఉంటుంది. దాని తలుపుకి కార్డు తాళం ఉంది. అయినా తలుపు వేసి లేదు. మడతపెట్టిన అట్టముక్క ఒకటి గడప దగ్గర ఇరికించి, నాలుగు వేళ్ల సందు వదిలారు. ఎలియేసెర్ దాన్ని దాటి లోపలికి వెళ్లాడు. బయట కొండగాలి చెవులు కోస్తున్నా లోపల మాత్రం ఆవిరితో ఉక్కగా ఉంది. పొడుగు బల్ల దగ్గర ఒక స్త్రీ శస్త్రచికిత్స పనిముట్లు సర్దుతోంది. ప్రతి కత్తెరనీ వెలుతురుకి పట్టి చూసి, దాని నోరు తెరిచి ట్రేలో పెడుతోంది. ట్రేని నీలం గుడ్డ మధ్యలో మూలవాటంగా పెట్టి, ఒక్కో మూలా మడిచి, చివర్న చిన్న చెవి బయటికి ఉండేలా దోపుతోంది. పైన తెల్ల చారల టేపు అంటిస్తోంది. ఆవిరి సరిగ్గా తగిలితే ఆ చారలు నల్లబడతాయి. తర్వాత పక్కనున్న చిన్న యంత్రం నుంచి లేబుల్ లాగి అతికిస్తోంది. లేబుల్ మీద ఏ ట్రే, ఏ తారీకు, ఎవరు కట్టారు అన్నది ఉంటుంది. కట్టినవారు: ఆర్. పిరసాన్.

"రొసాల్బా గారెక్కడ?" అన్నాడు ఎలియేసెర్. ఆ ప్రశ్న ఎంత తెలివితక్కువదో నోరు జారాక తెలిసింది.

ఆమె చేతులాపలేదు. "పైపాలో, వాళ్ల ఊళ్లో. ఈ వేళకి కోళ్లకి గింజలు వేస్తుంటుంది. సుమెర్సేకి ఏం కావాలి?"

ఆ కొండ ఊళ్లలో గౌరవానికీ చనువుకీ కలిపి ఒకటే పిలుపు, సుమెర్సే. ఆమె దాన్ని గౌరవం వైపే వాడింది.

"నేను సిస్టమ్స్ నుంచి. ఆవిడ పేరుతో ఇక్కడ ఎవరో పని చేస్తున్నారు."

"ఎవరో ఏంటి ఇంజినీరు గారూ, మేమందరం! పొద్దున నేను రొసాల్బాని. మధ్యాహ్నం డెయిసీ రొసాల్బా. రాత్రి ఫ్రెడీ రొసాల్బా, మీసాలతో సహా." అప్పుడు తలెత్తి నవ్వింది. "నా అసలు పేరు నూబియా సెలీ. వెళ్లిపోయేటప్పుడు ఆవిడే పాస్‌వర్డ్ చెప్పి వెళ్లింది. 'మీకు ఇబ్బంది అవుతుంది, వాడుకోండమ్మా' అని. ఆ పాస్‌వర్డ్ ఆవిడ కుక్క పేరు. ఈ అంతస్తులో లాండ్రీవాళ్లకి కూడా తెలుసు."

"మీకంటూ లాగిన్ అడగలేదా?"

"అడక్కుండా ఉంటామా? జీతాల పట్టికలో లేరు, ఇవ్వడం కుదరదన్నారు. మేం ఒప్పందం వాళ్లం. ఆరు నెలలకి ఒక కాగితం, అది అయిపోతే ఇంకో కాగితం. కార్డూ అంతే. అందుకే ఆ అట్టముక్క." గడప వైపు గడ్డంతో చూపించింది. "మా డోర్ కార్డు అదే."

పై అరలో ట్రే పెట్టడానికి ఆమె చెయ్యెత్తినప్పుడు చొక్కా చెయ్యి వెనక్కి జారింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం మెరుస్తూ ముడతపడి ఉంది. అతను చూడటం ఆమె చూసింది. చెయ్యి కిందికి లాక్కుని, "జనవరిలో కాలింది" అని మళ్లీ కత్తెరల వైపు తిరిగింది.

పైకి వెళ్లాక సెక్యూరిటీకి చెప్పక్కర్లేదన్నాడు ఎలియేసెర్. ఎందుకో చెబుతుంటే యమీలే నుదురు రుద్దుకుంది. "అంటే దొంగ లేడు. దొంగుంటేనే నయం. రొసాల్బాని మూస్తే సోమవారం నుంచి లేబుళ్లు ఉండవు, లేబుళ్లు లేకపోతే ఆపరేషన్లు ఉండవు. మూయకపోతే తనిఖీవాళ్లు నన్ను మూస్తారు."

ఆ రాత్రి అతనికి సరిగ్గా నిద్రపట్టలేదు గానీ, తెల్లవారేసరికి ఒక దారి కనిపించింది. శుక్రవారం పొద్దున్నే యమీలే కోటు విప్పకముందే చెప్పాడు. జీతాల విభాగం ఒక్కదాన్నే నమ్ముకోకుండా, ఒప్పందాల విభాగం దగ్గరున్న రికార్డుని కూడా సాఫ్ట్‌వేరుకి కలుపుదాం. ఎవరి ఒప్పందం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో అందులో ఉంటుంది. దాన్ని బట్టి వాళ్లకీ ఖాతాలూ కార్డులూ పుట్టించవచ్చు, మూయవచ్చు. ముందు నేలమాళిగవరకే చేసి చూద్దాం: స్టెరిలైజేషన్, లాండ్రీ, సామాన్ల గది.

"ఒప్పందాలన్నీ సోమవారంతో అయిపోతున్నాయిగా. జూన్ ముప్పై. కొత్తవి సంతకం అయ్యేసరికి రెండు వారాలు పడుతుంది. ఎప్పుడు పట్టలేదు గనక!" అంది యమీలే.

"అది కూడా ఆలోచించాను," అన్నాడు అతను, కాస్త సంతోషంగానే. "వాళ్లకి మాత్రం పదిహేను రోజుల వెసులుబాటు పెడదాం. తారీకు దాటినా ఖాతా తెరిచే ఉంటుంది. ఈలోగా కొత్త కాగితం వస్తుంది. పాపం, ఎవరూ గుమ్మం బయట నిలబడనక్కర్లేదు."

యమీలే అక్కడికక్కడే ఒప్పందాల అధికారికి ఫోన్ కలిపి స్పీకరులో పెట్టింది. ఆయన లాయరు; ఆ దేశంలో లాయర్లందరినీ పిలిచినట్టే ఆయన్నీ డాక్టరనే పిలుస్తారు. "భలే ఆలోచించారు ఇంజినీరూ!" అన్నాడు డాక్టర్ ఒచోవా. "పని ఆగకూడదు. అదొక్కటే నేను కోరేది. ఆ వెసులుబాటు నెల రోజులు పెట్టినా నాకు అభ్యంతరం లేదు."

ఎలియేసెర్ మధ్యాహ్నానికల్లా ఖాతాలు పుట్టించి, కార్డులు అచ్చువేయించి, వాటిని రబ్బరు బ్యాండుతో కట్టి కిందికి తీసుకెళ్లాడు. మెట్లు దిగుతుంటే చాలా రోజుల తర్వాత ఈల వేయబుద్ధయింది. మార్లేన్ ఉంటే ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పేవాడు.

నూబియా తన కార్డు తిప్పి తిప్పి చూసింది. "ఫోటోలో ఏంటి, శ్మశానం నుంచి తెచ్చినట్టున్నారు నన్ను," అంది. కంప్యూటరు ముందు కూర్చుని కొత్త పాస్‌వర్డ్ నెమ్మదిగా, ఒక్కో అక్షరమూ పెదాలు కదుపుతూ కొట్టింది. ఒక ట్రేకి లేబుల్ లాగింది. కట్టినవారు: ఎన్. సెలీ. దాన్ని నీలం గుడ్డ మీద అతికించి, ఊడిపోతుందేమో అన్నట్టు అరచేత్తో అదిమి పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

"రొసాల్బాకి ఫోన్ చేసి చెప్పాలి. ఈ రోజు నిజంగా రిటైరయ్యావమ్మా అని."

ఎలియేసెర్ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే అడిగింది: "మరి సోమవారం? కాగితం అయిపోతుందిగా. మంగళవారం ఇది పనిచేస్తుందా?"

"చేస్తుంది. పదిహేను రోజులు వెసులుబాటు పెట్టాను," అన్నాడు అతను.

నవ్వు ఆగిపోయింది. ఆమె గుడ్డ ఒకటి పరిచి మడవడం మొదలుపెట్టింది. మూల తప్పు మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

"సుమెర్సే తప్పుగా అనుకోకండి. ఒక్కటి చెప్తాను." చొక్కా చెయ్యి ఈసారి తనే పైకి లాక్కుంది. "ఇది జనవరిలో మొదటి వారం. డిసెంబరుతో కాగితం అయిపోయింది. కొత్తది రాలేదు. ఎప్పుడూ అంతే. 'మీరు రండి, కాగితం వెనకాలే వస్తుంది' అంటారు. వస్తాం. రాకపోతే ఆ వెనకాల కాగితం కూడా రాదు. ఆ రోజు ఈ ఆవిరి మిషను, ఆటోక్లేవ్ ఉంది చూశారూ, దాని తలుపు రబ్బరు పోయి ఆవిరి కొట్టింది. ఎమర్జెన్సీలో వెంటనే కట్టు కట్టారు, మంచివాళ్లే. తర్వాత ప్రమాద బీమావాళ్లు వచ్చారు. ఆ రోజు మిషను దగ్గర ఎవరున్నారు? కంప్యూటర్లో చూస్తే రొసాల్బా. కాగితాల్లో చూస్తే ఎవరూ లేరు. నన్ను కూర్చోబెట్టి ఏమడిగారో తెలుసా? 'మరి మీరెందుకు వెళ్లారమ్మా అక్కడికి?' అని."

ఆటోక్లేవ్ లోపల ఎక్కడో నీళ్లు గుటకలు వేస్తున్నట్టు చప్పుడైంది.

"ఇప్పుడు కంప్యూటర్లో మీ పేరే ఉంటుంది కదా," అన్నాడు ఎలియేసెర్.

"ఉంటుంది. కాగితంలో ఉండదు. ఇన్నాళ్లూ దయ్యాన్నయినా అయ్యాను. ఇకమీదట కాలితే నేనే, నా పేరుతోనే, పిలవని పేరంటానికొచ్చి కాల్చుకున్నట్టు. ఆ పదిహేను రోజులు ఎవరికి వెసులుబాటు ఇంజినీరు గారూ? నాకా? వాళ్లకా?"

ఆమె గొంతు పెంచలేదు, ట్రే కట్టడం ఆపలేదు.

"తీసెయ్యండి సుమెర్సే. తారీకు అయిపోతే నన్ను బయట పెట్టెయ్యండి."

"వాళ్లు ఇంకొకర్ని తెచ్చుకుంటే?"

"తెచ్చుకోనీండి. వాళ్లకైనా కాగితం రాయాలిగా." టేపు పళ్లతో తెంపింది. "ఈ పని పోతే నాకు ఇంకోటి లేదు. అది తెలియక కాదు అంటున్నది."

"మీ ఒక్కరి మాట మీద ఎలా? మిగతావాళ్లున్నారు."

"అడుగుతాను. రేపు చెప్తాను."

అతను పైకి వచ్చేసరికి యమీలే బయట కారు దగ్గర ఉంది. సోమవారం పండగ సెలవు, మూడు రోజులు కలిసొచ్చాయి, ఆమె అటునుంచటే ఊరికి బయల్దేరుతోంది. కుక్కని వెనక సీట్లోకి ఎక్కించబోతుంటే అది ఎక్కనంటోంది. ఎలియేసెర్ దాని వెనక కాళ్లు పట్టి సాయం చేస్తూనే విషయమంతా చెప్పాడు. ఆమె తలుపు వేసి, తాళంచెవి చేతిలో తిప్పుతూ నిలబడింది.

"దోన్ ఎలియేసెర్, ఆ వెసులుబాటు ఎవరి ఆలోచన?"

"నాదే."

"తనిఖీవాళ్ల కాగితంలో ఉందా?"

"లేదు. సంబంధం తెగిన రోజే మూయాలని ఉంది."

"అయితే లేనిది మీరు పెట్టారు. పెట్టినవాళ్లు తీస్తే నన్నడగడం ఎందుకు?" కారెక్కి అద్దం దించింది. "డాక్టర్ ఒచోవాకి మాత్రం ముందే రాసి చెప్పండి. చెప్పలేదని అనకూడదు. నాకు ఈ కుక్క గోలలో ఏమీ వినపడలేదు."

శనివారం పొద్దున ఫోన్‌కి నూబియా గొంతు రికార్డు చేసి పంపిన సందేశం వచ్చింది, వెనక బస్సు హారన్లతో: "అందరూ సరేనన్నారు. లాండ్రీవాళ్లు మొదట భయపడ్డారు, తర్వాత సరేనన్నారు. ఫ్రెడీ అయితే మీసం మెలేశాడు." అతను దాన్ని రెండుసార్లు విన్నాడు. ల్యాప్‌టాప్ తెరిచి, పదిహేను అన్న చోట సున్నా పెట్టాడు. పక్కనే ఇంకో గడి ఉంది: ఒకేసారి పదిమందికి మించి మూయాల్సి వస్తే పని ఆపి మనిషిని అడగాలని అతనే ఎప్పుడో రాసి పెట్టుకున్న జాగ్రత్త. ఎవరైనా పొరపాటున రికార్డంతా తుడిచేస్తే ఆసుపత్రి మొత్తం మూతపడకుండా. దాన్ని ముట్టుకోలేదు. తర్వాత డాక్టర్ ఒచోవాకి రాశాడు: "తనిఖీ ఆదేశం ప్రకారం వెసులుబాటు తీసేశాం. సోమవారంలోగా కొత్త ఒప్పందం లేని నేలమాళిగ సిబ్బందికి ఆ అర్ధరాత్రి నుంచి ఖాతాలూ కార్డులూ పనిచేయవు."

కాసేపటికి జవాబుగా ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది. దాని వెంటే ఈతకొలను పక్కన కాలుతున్న మాంసం ఫోటో ఒకటి వచ్చింది. ఇంకెవరికో పంపబోయి పంపినట్టుంది, వెంటనే తీసేశాడు.

ఆదివారం ఎలియేసెర్ ఎక్కడా కుదురుగా లేడు. మార్లేన్ పెంచిన జెరేనియం కుండీలు ఇటువి అటు మార్చాడు, అటువి ఇటు మార్చాడు. చర్చికి బయల్దేరి, మలుపు దాకా వెళ్లి, గొడుగు మర్చిపోయానని వెనక్కి వచ్చి, ఇక వెళ్లలేదు. నిప్పు పెట్టింది తనేమో అనిపించింది. వాళ్లకి జీవనాధారం పోతే తన ఉద్యోగానికి మాత్రం ఏమీ కాదు. తను పట్టికలో ఉన్న మనిషి. మంగళవారం ఎవరికైనా అర్జంటుగా కడుపు కోయాల్సి వచ్చి, ట్రే లేదంటే?

ఆ ఆలోచనే సోమవారం మధ్యాహ్నం అతన్ని ఆసుపత్రికి తీసుకొచ్చింది. పండగ కాబట్టి కారిడార్లు ఖాళీగా ఉన్నాయి. నేలమాళిగలో నూబియా ఒక్కతే ఉంది. అత్యవసరం ట్రేలుండే అలమరా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అరలన్నీ నీలం మూటలతో నిండిపోయాయి. మీది అరలో మూటలు పక్కకి తిప్పి మరీ ఇరికించింది. చారలన్నీ నల్లగా, లేబుళ్లన్నీ బయటికి కనబడేలా ఉన్నాయి.

"పొట్టవి, సిజేరియన్‌వి, ఎముకలవి, పిల్లలవి," అంటూ వేలితో చూపించింది. "రెండు రోజులు ఎవరికి ఏమొచ్చినా ఇవి చాలు. ఆగేవి ఆగుతాయి. హెర్నియావాళ్లు ఒక పూట ఆగితే ఏం కాదు."

అతను అడగడానికి వచ్చింది అదే. ఆమె నుదుటి మీద చెమట భుజానికి తుడుచుకుంటూ ఇంకో గుడ్డ పరిచింది. అతను చేతులు కడుక్కుని, టేపు ముక్కలు తెంపి ఇస్తూ కూర్చున్నాడు. రెండు ముక్కలు పొట్టిగా తెంపితే ఆమె పక్కన పడేసింది, మూడోది తీసుకుంది.

ఇంటికొచ్చి బెల్లం నీళ్లు కాచుకుని, ఆ కొండల్లో అందరూ చేసినట్టే కప్పులో చీజ్ ముక్క వేసుకుంటుంటే ఫోన్ మోగింది. సాయంత్రం ఆరింటికల్లా, ఆ రాత్రి మూయబోయేవాళ్లని లెక్కవేసుకోమని సాఫ్ట్‌వేరుకి చెప్పి పెట్టాడు. అది లెక్కవేసి ఆగిపోయింది. పదిమంది కంటే ఎక్కువున్నారు. నిజంగానే ఇంతమందిని మూయాలా అని అడుగుతోంది. కింద రెండే మాటలు: ఆపు. కొనసాగించు.

అతను ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. వంటగది నుంచి వీధి గుమ్మం దాకా నడిచాడు, తిరిగొచ్చాడు. కుర్చీ వీపు మీద మార్లేన్ చలికి కప్పుకునే ఉన్ని రువానా వేసి ఉంది; దాని అంచు సవరించాడు. తను ఏమీ చేయకపోతే చాలు, యంత్రం ఆగే ఉంటుంది. ఎవరూ అతన్ని తప్పుపట్టరు. రేపు కార్డు చూపిస్తే పచ్చదీపం వెలుగుతుంది, అందరూ లోపలికి వెళతారు, కాగితం వెనకాలే వస్తుంది. ఇంతకంటే సులువైన దయ ఇంకోటి ఉండదు. కప్పులో చీజ్ కరిగి తీగలు సాగింది. అతను దాన్ని చెంచాతో తీసి తిన్నాడు. అప్పుడు ఫోన్ తిప్పి, కొనసాగించు అన్న దాన్ని నొక్కాడు.

మంగళవారం పొద్దున ఏడు కాకముందే నేలమాళిగ నడవాలో అందరూ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు, చేతులు చంకల్లో దోపుకుని. అట్టముక్క లేదు, రాత్రి ఎవరో తీసి తలుపు వేశారు. ఒక్కొక్కరూ వెళ్లి కార్డు చూపించడం, ఎర్రదీపం వెలగడం, వెనక్కి రావడం. నూబియా బెంచీ మీద ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుంది. సంచీలోంచి వెచ్చటి చీజ్ బన్నులు తీసి పంచుతోంది.

"రండి ఇంజినీరు గారూ. పాపం చేసినవాళ్లకి కూడా ఉంది ఒకటి."

అతను తీసుకున్నాడు గానీ కొరకలేకపోయాడు. ఎనిమిదింటికి పైనుంచి మొదటి ఫోన్ వచ్చింది: హెర్నియా ట్రే ఏది? తొమ్మిదింటికి నాలుగు ఆపరేషన్లు వాయిదా వేశారని తెలిసింది. అత్యవసరంగా వచ్చిన అపెండిక్స్ ఒకటి మాత్రం, ఆపరేషన్ గది నర్సు తన కార్డుతో లోపలికెళ్లి తీసుకున్న అలమరాలోని మూటతో సజావుగా అయిపోయింది. ఆ మాట విన్నాక ఎలియేసెర్ బన్ను కొరికాడు.

డాక్టర్ ఒచోవా ముక్కు మీద ఎండకి కమిలిన చర్మంతో మెట్లు దిగి వచ్చాడు. నేలమాళిగకి రావడం ఆయనకి అలవాటు లేదని, మొదట లాండ్రీ తలుపు దగ్గరికి వెళ్లడంతోనే తెలిసిపోయింది.

"ఏంటి ఇంజినీరూ ఇది? తెరవండి!"

"నా చేతిలో లేదు డాక్టర్. అది మీ విభాగం రికార్డు చూస్తుంది. అందులో కొత్త ఒప్పందం తారీకు పడితే పది నిమిషాల్లో దానంతట అదే తెరుచుకుంటుంది."

"మీరు పదిహేను రోజులన్నారు!"

"శనివారం రాశాను. మీరు బొటనవేలు పంపారు."

గోడ దగ్గర ఎవరో దగ్గుతో నవ్వు మింగారు. ఒచోవా అటు చూశాడు. తర్వాత నూబియా వైపు తిరిగి గొంతు మెత్తబరిచాడు. "అమ్మా, మీరైనా అర్థం చేసుకోండి. బడ్జెట్ ధ్రువీకరణ, మేనేజర్ సంతకం, బీమా నమోదు... ఇవన్నీ ఒక్క పూటలో అయ్యేవా? ఎప్పటిలాగే మీరు లోపలికెళ్లి మొదలుపెట్టండి. కాగితం వెనకాలే వస్తుంది."

"వెళ్తాను డాక్టర్," అంది నూబియా, లేచి నిలబడి. కార్డు తీసి చూపించింది. ఎర్రదీపం వెలిగింది. "చూశారుగా. నాకేం అభ్యంతరం లేదు. తలుపే వద్దంటోంది."

ఆయన మెట్ల వైపు వెళ్లిపోయాడు. రెండేసి మెట్లు ఎక్కడం వినపడింది.

పదకొండున్నరకి ఒచోవా గుమాస్తా ఒకామె ఫైళ్లు గుండెలకి హత్తుకుని వచ్చి, లాండ్రీ బల్ల మీద పరిచి సంతకాలు పెట్టించుకుంది. ఎలియేసెర్ అడక్కముందే చెప్పింది: "ప్రమాద బీమా ముందు చేయించాం. అది లేకపోతే మీ సాఫ్ట్‌వేరు తారీకు తీసుకోవడం లేదు." ఆ షరతు శుక్రవారం రాసింది అతనే, అది ఇలా పనికొస్తుందని అప్పుడనుకోలేదు. నూబియా తన కాగితం నిలబడే చదివింది.

"మూడు నెలలే ఇచ్చారు," అంది. "ఇదివరకు ఆరు ఇచ్చేవారు."

ఫ్రెడీ మీసం మీద చెయ్యి వేసుకుని తీసేశాడు. ఆమె పెన్ను మూత తీసి, కాగితాన్ని గోడకి ఆనించి సంతకం పెట్టింది.

తలుపు దగ్గర దీపం పచ్చబడింది. ఒక్కొక్కరూ కార్డు చూపించి, ఒక్కొక్కరుగా లోపలికి వెళ్లారు.

సాయంత్రం ఇంటికి వెళ్తూ ఎలియేసెర్ కిందికి దిగి చూశాడు. ఎందుకు దిగాడో అతనికే తెలియదు. రోజంతా అలా పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నాడు. ఆ పూట అదనపు పని చేసి, వాయిదాపడ్డ ఆపరేషన్ల ట్రేలన్నీ కట్టేశారు. మిగతావాళ్లు వెళ్లిపోయారు. నూబియా బల్ల తుడిచి, మిగిలిన గుడ్డలు అంచు కలిపి పేర్చి, కోటు వేసుకుంటోంది.

"సెప్టెంబరు ముప్పైన మళ్లీ ఇదే కదా?" అంది.

"ఇదే. యంత్రం మూసేస్తుంది."

"యంత్రం సంగతి కాదు. మధ్యలో అది ఆగి, నిజంగా మూయాలా అని అడుగుతుందట. యమీలే గారు చెప్పారు. అప్పుడు సుమెర్సే ఏమంటారు?"

"మూయమంటాను."

"అయితే సరే." ఫ్లాస్కు చంకలో పెట్టుకుంది. "రాత్రి రొసాల్బాకి ఫోన్ చేశాను. ఏమందో తెలుసా? 'కంప్యూటర్లో కాలింది నేనేగా, నాకు ఆ మచ్చ ఎప్పుడు వచ్చిందా అని చూసుకుంటున్నానే ఇన్నాళ్లూ' అంది."

దీపాలార్పింది. గడప దగ్గర అట్టముక్క గోడకి ఆనించి ఉంది. పగలు ఎవరో మళ్లీ తెచ్చి పెట్టినట్టున్నారు. ఆమె దాన్ని వంగి తీసి, నాలుగుగా మడిచి, చెత్తబుట్టలో వేసింది. తర్వాత తలుపుని రెండు చేతులతో, పసిబిడ్డ నిద్రపోతున్న గది తలుపు వేసినట్టు, చప్పుడు కాకుండా చివరిదాకా నెట్టింది. తాళం దానంతట అదే పడింది.